కంచెకి వయసుంటుందా? మన దడుల చరిత్ర

పోస్టు పెద్దది. ఒకేసారి చదవలేకపోతే సేవ్ చేసుకుని రాత్రి స్టడీ అవర్ అయ్యాక చదవండి. కానీ చివరిదాకా చదవండి, ఎందుకంటే చివర్లో మనందరికీ ఒక పని ఉంది.

మొన్న సంక్రాంతి సెలవులకి మా హాస్టల్ నుంచి నలుగురం కలిసి బుట్టాయగూడెం మండలంలో మాలో ఒకడి ఊరికి వెళ్ళాం. వాళ్ళ తాతకి కొండ పక్కన పోడు చేను ఉంది. పట్టా కోసం అర్జీ పెట్టుకున్నారు, ఇంకా రాలేదు. చేను చూడటానికొచ్చిన ఒక అధికారి "ఇది పాత సాగు అనడానికి ఆధారం ఏముంది?" అని అడిగాడట. తాత దగ్గర కాగితం లేదు. చేను చుట్టూ ఉన్న గుంపెన చెట్ల వరసని చూపించి, "మా అయ్య పాతిన దడి బాబూ ఇది, రాటలే మానులయ్యాయి" అన్నాడట. ఆ అధికారి నవ్వి, "కంచెకి వయసుంటుందా పెద్దాయనా?" అని వెళ్ళిపోయాడట.

తాత ఈ సంగతి చెప్పి ఊరుకున్నాడు. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డిగ్రీ చదువుతున్నాం, మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే, అయినా ఆ ప్రశ్నకి జవాబు మాకు తెలీదు. హాస్టల్‌కి వచ్చాక రెండు నెలలు లైబ్రరీలో, ఫోన్లో, ఊళ్ళకి ఫోన్లు చేసి పెద్దవాళ్ళని అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

దడి, కంచె, తడిక

ముందు మాటల సంగతి. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు స్నేహితులు దడి అంటే తాటి మట్టలతోనో, కొబ్బరి మట్టలతోనో పెరడు చుట్టూ కట్టేది అనుకుంటారు. కొల్లేరు వైపు వాళ్ళు జమ్ము, కిక్కిస గడ్డి కోసి ఇంటి చుట్టూ చాటు కడతారు. వెదురు బద్దలతో అల్లింది తడిక. మన ఏజెన్సీలో అయితే కంప. పోడు కొట్టినప్పుడు పడిన కొమ్మలు, రేగు కంప, ఎండిపోయిన మోళ్ళు, అడవిలో రాలిన కర్రలు, వీటితోనే కంచె. కొనుక్కొచ్చిన వస్తువు ఒక్కటీ ఉండదు.

చిన్నప్పటి నుంచీ చూసినదే కాబట్టి దీన్ని ఒక విద్య అని మనం ఎప్పుడూ అనుకోలేదు. తాతని కూర్చోబెట్టి అడిగితే గంట చెప్పాడు. ఆ చెప్పింది ఇది.

మొదట రాటలు. రెండు వరసలు, మధ్యలో మూరెడు జాగా. చెదలు తొందరగా పట్టని సండ్ర, వేగిస కర్రలైతే మంచివి. పాతే ముందు మొదలుని నిప్పులో నల్లగా కాలుస్తారు, అప్పుడు చెద ఆలస్యంగా పడుతుంది. రెండు వరసల మధ్యలో కంప సర్దుతారు. లావు మోళ్ళు అడుగున, సన్న కొమ్మలు పైన. కొమ్మ మొదలు చేను వైపు, ముల్లు బయటి వైపు. పంది మూతితో తోసినా కదలకుండా అడుగున తొక్కి తొక్కి బిగిస్తారు. పైన అడ్డాకు తీగ నారతో కట్టేస్తారు.

ఇది చచ్చిన కంచె. ఒక వాన, రెండు వానలు కాస్తుంది, తర్వాత చెదలు తినేస్తాయి, కుళ్ళి కూలిపోతుంది. అందుకే మనవాళ్ళు అక్కడితో ఆగలేదు. నాలుగైదు ఎండు రాటలకి ఒకటి చొప్పున పచ్చి రాట పాతారు. గుంపెన కొమ్మ నరికి పాతితే చాలు, వేళ్ళు పోసుకుని చిగురిస్తుంది. మునగ, వావిలి, అడవాముదం కూడా అంతే. వావిలి, అడవాముదం ఆకుల్ని గొడ్లు ముట్టవు కాబట్టి అవి దారి వైపు. తొలకరి పడగానే కంప మొదట్లో గింజలు పెడతారు: ఆనప, బీర, చిక్కుడు, కాకర. ఆగాకర అయితే గింజ పెట్టే పనే లేదు, దుంప నేలలో ఉంటుంది, వాన పడితే అదే కంపెక్కుతుంది. తీగలు అల్లుకుని ఎండు కొమ్మల్ని ఒకదానికొకటి కుట్టేసినట్టు పట్టుకుంటాయి. పిట్టలు వచ్చి వాలతాయి, రెట్ట వేస్తాయి, అందులో రేగు గింజో, ఇంకో గింజో మొలుస్తుంది. చచ్చిన కంప కుళ్ళి ఎరువవుతుంది. అది పోయేసరికి దాని చోట పచ్చి కంచె నిలబడి ఉంటుంది.

1980ల చివర్లో జర్మనీలో హెర్మన్ బెన్యెస్ అనే ఆయన సరిగ్గా ఈ పద్ధతినే ప్రచారం చేశాడు. తోట హద్దులో రెండు వరసల గుంజలు పాతి మధ్యలో ఎండు కొమ్మలు పోయండి, పిట్టలే గింజలు తెచ్చి కంచెని పెంచుతాయి అని. అక్కడ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. బుట్టాయగూడెం తాత పేరు మాత్రం ఎవరూ ఏ కంచెకీ పెట్టలేదు. ఏడుపు కోసం చెప్పట్లేదు, తెలుసుకోవడానికి చెప్తున్నాం.

ఇంకో మాట. రాటలు పాతేది మగవాళ్ళయినా, కంప మోసుకొచ్చేదీ, తీగలు పాకించేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. మేం వెళ్ళిన ఇంట్లో అవ్వ, "చేలో జొన్న మీ తాతది, దడి మీద కాయ నాది" అంది. సంతకి తీసుకెళ్ళి అమ్మే చిక్కుడు, ఆగాకర డబ్బులు ఆమె చేతిలోనే ఉంటాయి. దడి పోతే పోయేది హద్దు ఒక్కటే కాదు, అవ్వ చేతి డబ్బులు కూడా.

సర్కారు కట్టిన కంప

ఇది చదివినప్పుడు మేం నమ్మలేకపోయాం. బ్రిటిష్ సర్కారు కూడా ఒకప్పుడు కంప కంచె కట్టింది. ఉప్పు మీద పన్ను ఎగ్గొట్టకుండా, ఒక వైపు ఉప్పు ఇంకో వైపుకి దొంగచాటుగా పోకుండా, పంజాబు వైపు నుంచి ఒడిశా వైపు దాకా ఒక కస్టమ్స్ లైను వేశారు. 1869 నాటికి అది దాదాపు 2,300 మైళ్ళు. కాపలాకి సుమారు 12,000 మంది. అందులో చాలా దూరం ముళ్ళకంచె. ముందు ఎండు కంపతో కట్టారు. 1867 నుంచి 1870 దాకా ఈ లైను చూసిన అధికారి ఏ.ఓ. హ్యూమ్, తర్వాత 1885లో కాంగ్రెస్ పెట్టినవాళ్ళలో ఒకడైన ఆ హ్యూమే. ఒక్క మైలు ఎండు కంచెకి 250 టన్నుల కంప కావాలని ఆయన లెక్క. చెదలు, నిప్పు, గాలివాన వల్ల ఏడాదికి సగం కంప మళ్ళీ వేయాల్సి వచ్చేది. ఇక లాభం లేదని తుమ్మ, రేగు, వాక, నాగజెముడు, జెముడు నాటి పచ్చి కంచె పెంచారు. కొన్ని చోట్ల 12 అడుగుల ఎత్తు, 14 అడుగుల మందం దాకా పెరిగింది. 1879 ఏప్రిల్ 1న ఆ లైనుని ఎత్తేశారు. 2001లో రాయ్ మాక్స్‌హమ్ అనే ఆయన దాని మీద పుస్తకం రాసేదాకా జనం ఆ సంగతే మర్చిపోయారు.

ఆ కంచె మన గోదావరి దాకా రాలేదు. కానీ రెండు విషయాలు గమనించండి. ఎండు కంపతో మొదలుపెట్టి పచ్చి కంచెకి రావాలని మన తాతలకి తెలిసిన సంగతి అంత పెద్ద సర్కారుకి టన్నుల లెక్కలు వేసుకున్నాక తెలిసింది. రెండోది, ఒకే కంప, ఒకే రేగుముల్లు, కానీ వాడిన పని వేరు. మన దడి పందిని ఆపడానికి, వాళ్ళ కంచె పేదోడి కూటిలో ఉప్పుని ఆపడానికి.

ఆ కంచె ఎత్తేసిన 1879లోనే, మార్చి నెలలో, గోదావరి అవతల రంపలో మనవాళ్ళు తిరగబడ్డారు. సొంతానికి గీసుకునే కల్లు మీద పన్నులు, ముఠాదార్ల దోపిడీ, కోర్టుల పేరుతో షావుకార్లు భూములు, గొడ్లు లాక్కోవడం, ఇవీ కారణాలు. అంతకు ముందే గోదావరి ఇవతల, మన పోలవరం వైపు కొరుటూరు కొండరెడ్డి నాయకుడు కారుకొండ సుబ్బారెడ్డి తిరగబడితే 1858లో బుట్టాయగూడెంలో ఉరి తీశారు. మనం బస్సు దిగి టీ తాగే బుట్టాయగూడెమే అది.

గీతలు వచ్చిన కాలం

దడికీ గీతకీ తేడా ఉంది. దడి ఎందుకో చూస్తే తెలుస్తుంది: ఇటు చేను, అటు గొడ్లు. కోతలయ్యాక దడిలో సందు తీసేస్తారు, ఊరి గొడ్లన్నీ మోళ్ళు మేస్తాయి, పేడ వేస్తాయి. మళ్ళీ తొలకరికి ముందు సందు మూస్తారు. అంటే దడి ఏడాదంతా ఒకేలా ఉండేది కాదు, కాలంతో పాటు తెరుచుకుని మూసుకునేది. గీత అలా కాదు. కాగితం మీద గీస్తే ఇక అంతే.

1871లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి పశువుల అతిక్రమణ చట్టం. చేలో పడిన గొడ్డుని బందెలదొడ్డికి తోలవచ్చు, యజమాని డబ్బు కట్టి విడిపించుకోవాలి. మన అమ్మానాన్నల కాలంలో కూడా బందెలదొడ్లు ఉండేవి, అడగండి చెప్తారు. అంతకు ముందు గొడ్డు చేలో పడితే "దడి సరిగ్గా కట్టుకోలేదా?" అని పెద్దలు ఒకరిని, "గొడ్డుని వదిలేశావా?" అని ఇంకొకరిని అడిగి సర్దేవాళ్ళు. ఇప్పుడు దానికి రశీదు వచ్చింది.

అదే 1871లో వచ్చిన రెండో చట్టం నేరస్థ తెగల చట్టం. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. మన గ్రూపులో ఎరుకల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. మీ పెద్దల్ని అడగండి. ఈ మొత్తం ప్రాంతంలో పల్లెపల్లెకీ తడికలు, బుట్టలు, చాటలు అల్లి ఇచ్చింది ఎరుకలవాళ్ళు. అందరి పెరటికీ తడిక అల్లినవాళ్ళనే పుట్టుకతో దొంగలన్నారు, సెటిల్‌మెంట్లలో పెట్టారు, హాజరు వేయించుకున్నారు, చెప్పకుండా ఊరు దాటితే నేరం అన్నారు. గొడ్లకి బందెలదొడ్డి, మనుషులకి సెటిల్‌మెంటు, రెండూ ఒకే ఏడాది చట్టాలు. నేరస్థ తెగల చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఆ ముద్ర ఇంకా పూర్తిగా పోలేదని మనలో కొందరికి హాస్టల్ అడ్మిషన్ల దగ్గరే తెలిసింది.

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం. రిజర్వు లైను వచ్చింది, హద్దు రాళ్ళు వచ్చాయి. నిన్నటిదాకా కంప ఏరుకున్న అడవిలోనే కంప ఏరడం తప్పయింది. అర్జీ పెట్టుకుంటే హక్కు రాస్తామన్నారు గానీ, చదువు రాని కొండ మనిషికి గెజిట్‌లో నోటీసు ఎవరు చదివి చెప్తారు? పోడుకి ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి వచ్చే జాగాలు కూడా ఖాళీ జాగాలే అని లెక్కేశారు. 1940ల మొదట్లో కొండరెడ్ల మధ్య ఉండి పరిశోధన చేసిన హైమెండార్ఫ్ 1945లో వాళ్ళ మీద పెద్ద పుస్తకమే అచ్చు వేశాడు. అంటే మన పోడు గురించి ఇంగ్లండులో చదివారు, మన ఊళ్ళో మాత్రం అది "ఆక్రమణ" అయింది.

సర్కారు తుమ్మ కథ కూడా ఇక్కడే చెప్పాలి. కంచెలకీ, పొయ్యి కట్టెలకీ పనికొస్తుందని 1870లలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో వేశారు. ఇవాళ మెట్టల్లో, కాలవ గట్ల మీద, ఎక్కడ చూసినా అదే. గొడ్లు కాయలు తిని పేడతో గింజలు చల్లుతాయి. కంచెగా తెచ్చిన చెట్టు కంచె దాటి పోయింది. పేరులో సర్కారు ఉండటానికి కారణం ఉందన్నమాట.

డెల్టా, కొల్లేరు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కింద డెల్టా అంతా వరి అయింది. తాడేపల్లిగూడెం, భీమవరం వైపు పొలాలకి దడి ఉండదు, గట్టే హద్దు. దడి ఇంటి పెరటికే మిగిలింది. ఊడుపులకీ, కోతలకీ మన ఊళ్ళ నుంచి కూలికి దిగిన పెద్దవాళ్ళు ఆ గట్ల మీద నడిచి వచ్చినవాళ్ళే. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మనవాళ్ళు ఎవరైనా అక్కడ సీటు తెచ్చుకుని ఈ తీగ కంచెల మీద ఒక ప్రాజెక్టు చేస్తే ఎంత బాగుంటుందో అని మేం అనుకున్నాం.

కొల్లేరు కథ వేరు. అక్కడ హద్దు నీళ్ళతో పాటు కదిలేది. వానాకాలం సరస్సు పెరుగుతుంది, వేసవికి తగ్గుతుంది, తగ్గిన చోట సాగు. నీళ్ళలో దడులు అడ్డం కట్టి చేపలు పట్టేవాళ్ళు. అవి కూడా తీసి మళ్ళీ కట్టే దడులే. 1970లలో సర్కారే సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు. దడుల చోట ఎత్తయిన మట్టి గట్లు లేచాయి. 1999లో అయిదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు. అక్కడ పెద్ద చెరువుల దగ్గర కాపలా ఉండేది, వలలు లాగేది చాలా చోట్ల యానాది కుటుంబాలు. చెరువు తవ్వినప్పుడు వాటా లేదు, గట్టు కొట్టినప్పుడు పని పోయింది.

పెలికాన్లు చూడటానికి ఆటపాక వెళ్ళినప్పుడు ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. సరస్సుకి హద్దు కావాల్సిందే, మేం కాదనం. ఆ హద్దు గీసినప్పుడు, చెరిపినప్పుడు, అడ్డుగా కట్టినప్పుడు నష్టపోయింది ఎవరు అన్నదే మా ప్రశ్న.

ముళ్ళతీగ వచ్చింది, కంప అమ్ముడుపోయింది

ముళ్ళతీగకి పేటెంటు తీసుకున్నది 1874లో, అమెరికా ఇల్లినాయిస్‌లో జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు. అక్కడ ఆ తీగ వల్లే పచ్చిక మైదానాలు ముక్కలైపోయాయి, అక్కడి ఆదివాసులు తిరిగే దారులు మూసుకుపోయాయి. మన జీలుగుమిల్లి, బుట్టాయగూడెం వైపు రాతి స్తంభాలు, ముళ్ళతీగ ఎక్కువగా గిరిజనేతరుల తోటలతో వచ్చాయి. అదే సమయంలో కంపకి ఇంకో గిరాకీ వచ్చింది. మెట్టలో వర్జీనియా పొగాకు వేశారు, ఆకు పండబెట్టడానికి బ్యారన్లు కావాలి, బ్యారన్‌కి కట్టెలు కావాలి. దడికి పోయే కర్ర మోపు కట్టి అమ్మితే డబ్బు. కొన్నేళ్ళకి దడికి కర్ర దొరకడం కష్టమైంది. అవ్వ ఈ ముక్క చెప్తూ, "కంపని అమ్ముకుని తీగ కొనుక్కున్నాం" అంది.

ఇక్కడ చట్టం ఏం చెప్తుందో తెలుసుకోండి. 1917లోనే ఏజెన్సీ భూమి గిరిజనేతరులకి పోకుండా ఒక చట్టం తెచ్చారు. తర్వాత 1959లో రెగ్యులేషన్, దాన్ని 1970లో గట్టిగా సవరించారు. అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని అతను రుజువు చేసేదాకా, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందిగానే భావించాలని అది చెప్తుంది. అంటే రుజువు చేయాల్సింది తీగ వేసినవాడు, మనం కాదు. 1990లలో మన పశ్చిమ ఏజెన్సీలో జరిగిన భూపోరాటాల్లో మన పెద్దలు అడిగింది ఇదే.

ముళ్ళతీగ తర్వాత వచ్చింది ఇంకా ప్రమాదం. పందులకి, వేటకి కరెంటు తీగలు పెట్టడం. కంప దడి తగిలితే చొక్కా చిరుగుతుంది, కరెంటు తీగ తగిలితే మనిషే మిగలడు. రాత్రిపూట పొలానికి వెళ్ళేవాళ్ళు, ఇప్పపువ్వు ఏరడానికి తెల్లారుజామునే లేచి పోయేవాళ్ళు మన ఊళ్ళలోనే ఎక్కువ. దయచేసి మీ ఊళ్ళో ఎవరైనా పెడుతుంటే చెప్పి మాన్పించండి. అది పెట్టినవాడు మనోడైనా సరే.

మన దడిలో కూడా లోపాలున్నాయి, దాచడం ఎందుకు. ఏటా కంప కావాలి, పని ఎక్కువ, పాము చేరుతుంది, వేసవిలో నిప్పు అంటుకుంటే చేను చుట్టూ మంట. అడవిలో ఎండు కర్ర అంతా ఏరేస్తే అక్కడి పురుగుకీ పిట్టకీ చోటుండదు. అందుకే పచ్చి రాట ముఖ్యం. ఒకసారి పచ్చి కంచె నిలబడితే అడవి నుంచి తేవాల్సిన కంప తగ్గిపోతుంది.

దడి లేని కాలనీలు

పోలవరం ప్రాజెక్టు కింద ముందు ఖాళీ చేసిన దేవరగొంది, మామిడిగొంది, పైడిపాక లాంటి ఊళ్ళ పిల్లలు మన హాస్టళ్ళలో చదువుకున్నారు, ఇంకా చదువుతున్నారు. 2014లో తెలంగాణ నుంచి మనలో కలిసిన కుక్కునూరు, వేలేరుపాడు మండలాల వాళ్ళు కూడా మనతోనే ఉన్నారు. పునరావాస కాలనీలో ఇల్లు ఇచ్చారు. వరసగా స్లాబు ఇళ్ళు, సిమెంటు రోడ్డు. దడి కట్టడానికి పెరడేది? ఆనప పాదు పెడితే పక్కింటి గోడెక్కుతుంది, గొడవ. మాలో ఒకమ్మాయి అమ్మమ్మ కాలనీలో కూడా గుమ్మం పక్కన నాలుగు ఎండు కర్రలు పాతి చిక్కుడు పాకించింది. అడిగితే, "కాయ కోసం కాదు, కళ్ళకి చల్లగా ఉంటుందని" అందట.

మునిగిన ఊళ్ళకి నష్టపరిహారం లెక్కలు రాసినప్పుడు ఇల్లు రాశారు, చెట్లు రాశారు. దడి మీద ఏటా కాసిన కాయల్ని లెక్కలోకి తెచ్చారా అని మేం అడిగిన ఇళ్ళన్నింటిలో లేదనే చెప్పారు.

మరి కంచెకి వయసుంటుందా?

ఇప్పుడు ఆ అధికారి ప్రశ్నకి జవాబు. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం, అడవి భూమిలో 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనుడికి, నిజంగా సాగులో ఉన్నంత మేరకు, గరిష్ఠంగా 4 హెక్టార్ల దాకా హక్కు ఉంది. ఆధారాలు ఏవేవి చూడాలో 2008 నియమాల్లో 13వ నియమం చెప్తుంది. ప్రభుత్వ రికార్డులు ఒక్కటే కాదు. ఇల్లు, గుడిసె, భూమిని చదును చేయడం, గట్లు, చెక్‌డ్యాములు, అలాంటి శాశ్వత అభివృద్ధి పనులు కూడా భౌతిక ఆధారాలే. పాత బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు ఆధారమే. అర్జీదారు కాకుండా వేరే పెద్దల వాంగ్మూలం రాతలో పెడితే అదీ ఆధారమే. ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు చూడాలని కూడా అక్కడే ఉంది. 2012 సవరణలో ఇంకో మంచి మాట చేర్చారు: ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకి తోడు మాత్రమే, వాటి బదులు కాదు.

కాబట్టి చేను చుట్టూ వరసగా, నాలుగు మూలలూ తిరిగి ఉన్న గుంపెన మానులు ఆధారం కాదంటే ఎలా? అడవిలో చెట్టు వరసలో మొలవదు. చేయి పాతితేనే వరస వస్తుంది. మాను చుట్టుకొలత చూస్తే అది నిన్న పాతినదో, ముప్పై ఏళ్ళ కిందటిదో అటవీ శాఖ వాళ్ళకే బాగా తెలుస్తుంది. దానికి తోడు పక్క చేను పెద్దాయన "ఇది వాళ్ళ అయ్య పాతగా చూశాను" అని రాసిస్తే రెండు ఆధారాలయ్యాయి. ఎండు కంపకి వయసుండదు, నిజమే. పచ్చి కంచెకి ఉంటుంది.

ఇంకో సంగతి. ఇదే చట్టంలో చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురు, కంప, మోళ్ళు కూడా పేరు పెట్టి రాశారు. 1882 నుంచి ఏరితే తప్పన్న కంప 2006లో మన హక్కయింది. నూట ఇరవై నాలుగేళ్ళు పట్టింది. అలాగే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని ఉంది. దడి మీద కాయ మాత్రమే అవ్వది కాదు, దడి లోపల నేల కూడా ఆమెదే.

అర్జీ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. 60 రోజుల్లో పైకమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. మన పెద్దలకి చాలామందికి ఈ రెండూ చెప్పేవాళ్ళు లేక ఊరుకున్నారు.

మనం చేయాల్సింది

ఈ వేసవి సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఒక రోజు దీనికి పెట్టండి. మీ చేను చుట్టూ పెద్దవాళ్ళని తీసుకుని నడవండి. కంచెలో మానులైన రాటలు ఎన్ని ఉన్నాయో, ఏ చెట్టో, ఏ వైపో కాగితం మీద గీయండి. రొమ్ము ఎత్తులో తాడు చుట్టి చుట్టుకొలత రాయండి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఫొటోలు తీయండి, మాను పక్కన ఇంట్లో పెద్దాయనో పెద్దమ్మో నిలబడాలి. ఎవరు పాతారు, ఏ ఏడు, ఆ ఏడాది ఏం జరిగింది అని అడిగి రికార్డు చేయండి. మనవాళ్ళు తేదీ చెప్పలేరు గానీ "పెద్ద గాలివాన ఏడు", "మీ పెదనాన్న పెళ్ళి ఏడు" అని చెప్తారు. దాన్ని మనం ఏడాదిగా మార్చుకోవాలి. అవన్నీ గ్రామసభ దగ్గర, అటవీ హక్కుల కమిటీ దగ్గర పెట్టండి. అబద్ధం మాత్రం రాయొద్దు. కొత్తగా పాతిన కొమ్మని పాతది అనొద్దు. ఒక్కడు అబద్ధం చెప్తే పది నిజమైన అర్జీలు పోతాయి.

కొత్తగా కంచె వేసేవాళ్ళు ఉంటే, తీగకి అప్పు చేసే ముందు ఒక వైపైనా కంప వేసి, నాలుగు రాటలకొక గుంపెన కొమ్మ పాతి చూడండి. తొలకరికి ముందు పాతండి. అవ్వ చేత్తో ఆగాకర దుంపలు పెట్టించండి.

తాత కేసు ఇంకా తేలలేదు. మేం నలుగురం ఆయన చేను చుట్టూ తిరిగి లెక్క వేశాం. మొత్తం 31 మానులు. అన్నింటికంటే లావుది ఈశాన్యం మూలన ఉంది, మాలో ఇద్దరం చేతులు చాచి పట్టుకుంటే గానీ అందలేదు. పక్క చేను పెద్దాయన వాంగ్మూలం మేమే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాం. ఆయన వేలు సిరా తుడుచుకుంటూ, "ఇన్నాళ్ళూ ఇది ఎవరూ అడగలేదేంట్రా?" అన్నాడు.

మీ ఊళ్ళో దడిని ఏమంటారో, ఏ చెట్టు రాట పాతుతారో ఇక్కడ రాయండి. కోయ, కొండరెడ్డి, ఎరుకల, యానాది మాటలు అన్నీ కలిపి ఒక పట్టీ చేద్దాం.

జై ఆదివాసీ.